కార్డు పోలేదు... కూర్చోలేదు!

*కొత్త క్యాబినెట్‌లో ఫ్యాన్లన్నీ తిరుగుతాయి. రంగు దీపాలన్నీ వెలుగుతాయి. మానిటర్ మీద మాత్రం బొమ్మ రాదు. వేలకు వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు పోయిందని ఇల్లంతా దిగులు పడుతుంది. చాలాసార్లు ఆ దిగులుకు కారణమే ఉండదు.*

హాల్లో నేలమీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద స్క్రూలు, ప్లాస్టిక్ ట్యాగులు, విప్పి పడేసిన అట్టపెట్టెలు. మధ్యలో అద్దం తలుపున్న కొత్త క్యాబినెట్. బీటెక్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు పొద్దున్నుంచి దాని ముందు నుంచి లేవలేదు. పాత డబ్బాలోని మదర్‌బోర్డు, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటీ విప్పి కొత్తదాంట్లోకి మార్చాడు. చెల్లెలు ఫోన్ టార్చి పట్టుకుని పక్కనే కూర్చుంది. స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, లోపలంతా నీలం వెలుగు పరుచుకుంది. మానిటర్ మీద "నో సిగ్నల్" అని రెండు క్షణాలు కనిపించి అదీ ఆరిపోయింది.

"అన్నయ్యా, ఇంకోసారి నొక్కి చూడు" అంది చెల్లెలు. నొక్కాడు. మళ్లీ అదే. వంటింట్లోంచి అమ్మ: "ఏరా, వచ్చిందా? అన్నం చల్లారిపోతోంది." నాన్న ఏమీ అనలేదు. కార్డు కొన్నప్పుడు కట్టిన డబ్బు ఆయనకు గుర్తుంది. కుర్రాడు బాల్కనీలోకి వెళ్లి స్నేహితుడికి ఫోన్ చేశాడు. "మామా, కార్డు పోయిందిరా!"

ఊరు ఏదైనా కావచ్చు. కూకట్‌పల్లి, గాజువాక, హన్మకొండ, నెల్లూరు... కంప్యూటర్‌ను సొంతంగా విప్పి బిగించే పిల్లలున్న ఇళ్లలో ఈ సన్నివేశం జరుగుతూనే ఉంటుంది. ఆ చివరి మాట మాత్రం ఎక్కువసార్లు నిజం కాదు. నిన్న రాత్రి వరకు పాత డబ్బాలో బాగా పనిచేసిన కార్డు ఇవాళ కొత్త డబ్బాలో మొండికేసిందంటే అనుమానించాల్సింది ముందు కార్డును కాదు. మధ్యలో ఏం మారిందో దాన్ని.

ఇప్పుడే ఎందుకీ మార్పిడి?

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లను పెద్దఎత్తున కొనేయడంతో మామూలు కొనుగోలుదారుకు మిగిలేది తగ్గింది. సాధారణ వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన 'క్రూషియల్' వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ ఆ ఏడాది డిసెంబరులోనే ప్రకటించింది. ఇలాంటి సమయంలో కొత్త కంప్యూటర్ మొత్తంగా కొనడం మధ్యతరగతి ఇంటికి భారమే. అందుకే ఉన్న భాగాలను కాపాడుకుంటూ, గాలి బాగా ఆడే కొత్త క్యాబినెట్‌లోకి మార్చుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

మన ఎండలు కూడా ఆ ఆలోచనకు తోడవుతాయి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో గ్రాఫిక్స్ కార్డు పడే పాటు చిన్నది కాదు. ముందువైపు మూసేసిన పాత డబ్బాలో వేడి గాలి అక్కడక్కడే తిరుగుతుంది. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట ఆగి ఆగి నడుస్తుంది, వీడియో ఎడిటింగ్ నత్తనడకన సాగుతుంది. జాలీ ముందుభాగం, పెద్ద ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్‌కు మారాలనుకోవడం తెలివైన నిర్ణయమే. ఆ మారే రోజున ఏం జరుగుతుందన్నదే మన కథ.

కార్డు పెరిగింది, డబ్బా పెరగలేదు

క్యాబినెట్, మదర్‌బోర్డు ఒకదానికొకటి సరిపోవడానికి ఇవాళ్టికీ ఆధారం 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలే. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలో, వెనుక స్లాట్లు ఎంతెంత దూరంలో ఉండాలో అన్నీ అప్పుడే ఖరారయ్యాయి. నాలుగేళ్ల తర్వాత, 1999లో ఎన్విడియా తన 'జీఫోర్స్ 256'ను ప్రపంచపు మొదటి జీపీయూగా ప్రచారం చేసుకుంటూ విడుదల చేసింది. అరచేతిలో పట్టే కార్డు అది.

2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ వరకు కూడా మామూలు ఇంటి కార్డు జానెడు పొడవుంటే ఎక్కువ. 75 వాట్లతో, వేరే వైరు లేకుండా నేరుగా స్లాట్ నుంచే కరెంటు తీసుకుని నడిచేది. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 పొడవు 304 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మదర్‌బోర్డంత. వాడకం 450 వాట్లు. ఇతర కంపెనీలు అదే చిప్‌తో చేసిన కార్డుల్లో కొన్ని 350 మిల్లీమీటర్లు దాటాయి, రెండు కిలోలకు పైగా తూగాయి. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 వాడకం 575 వాట్లకు చేరింది. ఇంత బరువు, ఇంత వేడి, ఇంత కరెంటు ఒక సన్నని స్లాట్‌కు పక్కవాటంగా వేలాడతాయని 1995లో ఎవరూ ఊహించి ఉండరు.

క్యాబినెట్ పెట్టె మీద "ఇన్ని మిల్లీమీటర్ల కార్డు వరకు పడుతుంది" అని రాస్తారు. చాలా సందర్భాల్లో ఆ అంకె ముందువైపు ఏమీ బిగించనప్పటిది. అక్కడ 25 మిల్లీమీటర్ల మందం ఫ్యాన్లు, వాటి వెనుక మరో 27 మిల్లీమీటర్ల రేడియేటర్ పెడితే 52 మిల్లీమీటర్లు మాయమైనట్టే. అద్దం తలుపు వైపు సంగతీ అంతే. కరెంటు ప్లగ్ పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. తలుపు మూయడం కోసం ఆ వైరును మెడ విరిచినట్టు వంచుతారు. పదహారు పిన్నుల కొత్త ప్లగ్‌కైతే మొదటి 35 మిల్లీమీటర్ల వరకు వైరు వంచకూడదని తయారీదారులు చెబుతున్నారు. తలుపు పట్టడం లేదని వైరును నొక్కి మూసేవాళ్లు కరెంటుతో చెలగాటమాడుతున్నారన్న మాట.

మిల్లీమీటరు తేడాలోనే అంతా

కొత్త క్యాబినెట్‌లో బొమ్మ రాకపోవడానికి నేను మొట్టమొదట అనుమానించేది కార్డు స్లాట్‌లో సగమే దిగడాన్ని. పాత డబ్బాలో ఇబ్బంది లేకుండా కూర్చున్నది కొత్తదాంట్లో ఎందుకు కూర్చోదు? కార్డుకు రెండు చోట్ల పట్టు ఉంటుంది. ఒకటి మదర్‌బోర్డు మీది స్లాట్. రెండోది క్యాబినెట్ వెనుక గోడకు స్క్రూతో బిగించే ఇనుప పట్టీ. మదర్‌బోర్డు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో బిగిసినా, వెనుక గోడ రేకు కాస్త వంగి ఉన్నా ఈ రెండు పట్టులూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పట్టీ కింది నాలుక బోర్డుకూ రేకుకూ మధ్య సందులోకి దిగకుండా బోర్డు అంచు మీదే ఆగిపోవచ్చు. పైనుంచి చూస్తే కార్డు నిటారుగానే కనిపిస్తుంది. బంగారు రంగు కాంటాక్టులు మాత్రం ఒక చివర పైకి లేచి ఉంటాయి.

ఇంకా ఘోరం ఏమిటంటే, స్క్రూ బిగిస్తున్న కొద్దీ ఆ చివర మరింత లేస్తుంది. గట్టిగా బిగిస్తే గట్టిగా కూర్చుంటుందనుకుంటాం. ఇక్కడ జరిగేది దానికి వ్యతిరేకం.

చేయాల్సిందేమిటంటే, కరెంటు తీసేసి క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు కార్డు బరువు స్లాట్ మీద నిలువుగా పడుతుంది. మదర్‌బోర్డు స్క్రూలు కొద్దిగా వదులు చేసి, కార్డును రెండు చివర్లా సమానంగా నొక్కి, స్లాట్ చివరి గొళ్లెం 'టక్' మనేదాకా చూసి, ఆ తర్వాత బోర్డు స్క్రూలు, చివరగా వెనుక పట్టీ స్క్రూ బిగించాలి. ఈ వరుస ఒక్కటి పాటిస్తే తీరిపోయే కేసులు చాలా ఉంటాయి. కార్డు కొత్తదైతే కాంటాక్టుల మీద ప్లాస్టిక్ తొడుగు ఉందేమో కూడా చూడాలి. తొడుగుతోనే దూర్చేయబోయేవాళ్లున్నారు.

మదర్‌బోర్డు కింద ఇత్తడి కాళ్లు ఉంటాయి. కొత్త క్యాబినెట్‌లో అవి కొన్ని ముందే బిగించి వస్తాయి. బోర్డు చిన్నదైతే, రంధ్రం లేని చోట ఒక కాలు మిగిలిపోతుంది. అది బోర్డు వెనుక టంకాలకు తగిలి షార్ట్ చేస్తుంది. కంప్యూటర్ అసలు లేవకపోవచ్చు, లేచి వెంటనే ఆరిపోవచ్చు, కార్డును గుర్తించకపోవచ్చు. నింద మాత్రం కార్డు మీద పడుతుంది.

---
బాక్స్: ఒక స్క్రూ తెచ్చిన ముప్పు

ఎన్‌జడ్‌ఎక్స్‌టీ కంపెనీ 2020లో 'హెచ్1' అనే చిన్న క్యాబినెట్ తెచ్చింది. గ్రాఫిక్స్ కార్డును నిలువుగా నిలబెట్టి, రైజర్ అనే పట్టీ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిపే అమరిక. ఆ రైజర్ బోర్డును క్యాబినెట్‌కు పట్టి ఉంచే లోహపు స్క్రూలు షార్ట్ సర్క్యూట్‌కు, మంటకు కారణం కాగలవని తేలింది. కంపెనీ మొదట నైలాన్ స్క్రూలు పంపింది. అది చాలదని గేమర్స్ నెక్సస్ యూట్యూబ్ చానల్ మంట రావడం కెమెరా ముందే చూపించింది. 2021 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ద్వారా దాదాపు 32 వేల క్యాబినెట్లను వెనక్కి పిలిచారు. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా 11 ఘటనలు నమోదయ్యాయి. అక్కడ తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌ది.

---

కరెంటు సరిగ్గా అందుతోందా?

మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు మరో 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు, పదహారు పిన్నుల కొత్త ప్లగ్ 600 వాట్ల దాకా ఇస్తాయి. క్యాబినెట్ మార్చేటప్పుడు ఈ వైర్లన్నీ విప్పి వెనుక గోడ చాటున మళ్లీ తిప్పాలి. పొరపాటు దొర్లేది అక్కడే. ప్రాసెసర్ కోసం ఇచ్చిన 4+4 వైరు, కార్డు కోసం ఇచ్చిన 6+2 వైరు చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి నెట్టి దూర్చకూడదు. రెండింటిలో ప్లస్, మైనస్ వైర్ల వరుస వేరు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మాడ్యులర్ (వైర్లు విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ వైర్లను కలగలపడం. కొత్త క్యాబినెట్‌లో పాత వైరు పొడవు చాలలేదనుకోండి, స్నేహితుడి ఇంట్లో పడి ఉన్న మరో కంపెనీ వైరు తెచ్చి తగిలిస్తారు. కార్డు వైపు ప్లగ్ అందరిదీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ కంపెనీ అమరిక ఆ కంపెనీదే. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. అలా తగిలించిన వైరు నిక్షేపంలాంటి కార్డును ఒక్క క్షణంలో కాల్చేయగలదు. "కార్డు పోయింది" అన్న మాట అప్పుడు నిజమవుతుంది. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి: ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన వైర్లు దానితోనే ఉండాలి.

పదహారు పిన్నుల ప్లగ్‌ది వేరే కథ. 4090 కార్డులు మార్కెట్లోకి వచ్చిన కొద్ది వారాలకే ప్లగ్‌లు కరిగిపోతున్న ఫొటోలు బయటపడ్డాయి. ప్రపంచం మొత్తం మీద సుమారు 50 కేసులు తమ దృష్టికి వచ్చాయని, ప్లగ్ పూర్తిగా దిగకపోవడం ఒక ముఖ్య కారణమని ఎన్విడియా 2022 నవంబరులో చెప్పింది. తర్వాత ప్లగ్‌ను సవరించారు. సగమే దిగితే కరెంటు రాకుండా సంకేతాల పిన్నుల పొడవు తగ్గించారు. అయినా 2025లో 5090 కార్డులకు సంబంధించీ కరిగిన ప్లగ్‌ల ఫిర్యాదులు వచ్చాయి. కరెంటు ఇంతగా పారే చోట, చూడకుండా సందులో వేలు పెట్టి తడిమి ప్లగ్ పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. తలుపు తెరిచి, దీపం పెట్టి, సందు కనిపించడం లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

కేబుల్ తప్పు చోట పెడితే...

అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాదు. వెనక్కి తిప్పి చూస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డులో కాకుండా పైన మదర్‌బోర్డు పోర్టులో ఉంటుంది! రిపేరు షాపులకు ఇది రోజువారీ అనుభవమే. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లకు, ఉదాహరణకు 12400ఎఫ్, లోపల బొమ్మ తయారుచేసే భాగం పనిచేయదు. ఏఎండీ రైజెన్ 5 5600కు అది లేనే లేదు. వాటి మదర్‌బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా అది మూసి ఉన్న తలుపే. కేబుల్ నేలకు సమాంతరంగా ఉన్న కింది వరుస పోర్టుల్లో, అంటే కార్డు పోర్టుల్లో, ఉందో లేదో ముందు చూడాలి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరైనది ఎంచుకున్నారో లేదో కూడా. ఈ రెండు పరీక్షలకు పైసా ఖర్చు లేదు. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

బోర్డు చెప్పేది వినాలి

ఇప్పటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఒక మూల నాలుగు చిన్న దీపాలుంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. కంప్యూటర్ లేచేటప్పుడు ఒక్కోటీ వెలిగి ఆరుతుంది. ఏది ఆరకుండా నిలిచిపోతే ఇబ్బంది అక్కడున్నట్టు. వీజీఏ దీపం నిలిచిందంటే కార్డు, దాని స్లాట్, దాని వైరు చూడాలి. డీర్యామ్ దీపం నిలిస్తే కార్డును వదిలేసి ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా పెట్టాలి. కొత్త డబ్బాలోకి మార్చే హడావుడిలో ర్యామ్ ఒకవైపు లేవడం మామూలే. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులకు మరో గుణం ఉంది. బయాస్ రీసెట్ అయ్యాక మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచుతాయి. ఓపిక పట్టలేక స్విచ్ నొక్కి నొక్కి ఆపేస్తే అది మళ్లీ మొదటికి వస్తుంది.

కార్డును నిలువుగా నిలబెట్టి అద్దంలోంచి కనిపించేలా పెట్టడం ఇప్పుడు మోజు. దానికి వాడే రైజర్ కేబుల్ పాతతరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో జనరేషన్‌దీ, కార్డు నాలుగోదీ అయితే తెర నల్లబడవచ్చు, బొమ్మ మధ్యలో తెగిపోవచ్చు. రైజర్ తీసేసి కార్డును నేరుగా స్లాట్‌లో పెట్టి చూడండి. బొమ్మ వస్తే దోషం దొరికినట్టే. బయాస్‌లో స్లాట్ వేగాన్ని 'జెన్ 3'కి మార్చినా సరిపోతుంది.

ఇవేవీ ఫలించకపోతే క్యాబినెట్‌ను పూర్తిగా పక్కన పెట్టేయాలి. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద పరిచి, ప్రాసెసర్, ఒక ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే కలిపి చూడాలి. బయట బొమ్మ వచ్చి లోపల రాకపోతే తప్పు డబ్బాదో, బిగింపుదో. బయట కూడా రాకపోతేనే భాగాలను అనుమానించాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి నాలుగు మారిస్తే, బొమ్మ వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు.

---
బాక్స్: ముట్టుకునే ముందు

• చేతి నుంచి వెలువడే స్థిర విద్యుత్తు మూడు వేల వోల్టులకు చేరితే గానీ మనకు చురుక్కుమనదు. చిప్ పాడవడానికి అంతకంటే చాలా తక్కువ చాలు.
• వైర్లు పీకేటప్పుడూ పెట్టేటప్పుడూ ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి ఉండాలి.
• కార్డును అంచులతో పట్టుకోవాలి. కాంటాక్టుల మీద వేళ్లు పెట్టకూడదు.
• సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందంటే అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

---

బస్సు పార్శిల్‌లో విరిగే కార్డు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట సీటీసీ, కంప్యూటర్ భాగాలకు పెట్టింది పేరు. దూరపు జిల్లాల నుంచి వచ్చి అక్కడ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుని, బస్సులో వేసుకుని ఊరికి తీసుకెళ్లే కుటుంబాలున్నాయి. హాస్టల్ మారే విద్యార్థులు, ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లే పిల్లలు కంప్యూటర్‌ను ఇలాగే మోస్తారు. కిలో పైన బరువున్న కార్డు స్లాట్‌కు వేలాడుతూ గతుకుల రోడ్డు మీద వందల కిలోమీటర్లు ఊగితే స్లాట్ పక్కన ఉండే గొళ్లెం దగ్గర కార్డు పలక పగులుతుంది. ఆ పగులు వెంట్రుకంత సన్నం. కంటికి ఆనదు. ఇంటికెళ్లి స్విచ్ వేస్తే చీకటి. పగిలిన పలకకు వారంటీ దొరకడమూ కష్టమే.

ప్రయాణానికి ముందు కార్డు విప్పి, యాంటీస్టాటిక్ కవర్లో చుట్టి విడిగా చేతిసంచిలో పెట్టుకోవాలి. ఇంటి దగ్గర కూడా బరువైన కార్డు కింద చిన్న ఆసరా కడ్డీ పెట్టడం మంచిది. అసెంబుల్ చేసి అప్పగించే షాపువాళ్లు ఈ మాట కొనేవాళ్లకు చెప్పాలి. డబ్బాలో కార్డు పడుతుందా, ఎస్‌ఎంపీఎస్ చాలుతుందా అన్నది బిల్లు కొట్టే ముందే కొలిచి చూపించాలి. రంగు దీపాల క్యాబినెట్ అంటగట్టి, నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టే అలవాటు మానాలి. కార్డుకు పెట్టిన డబ్బులో చిన్న భాగం మంచి ఎస్‌ఎంపీఎస్‌కు పెడితే ఆ ఇంటికి చాలా కాలం నిశ్చింత.

ఇళ్లలో పెద్దలకూ ఒక మాట. తెర వెలగని రాత్రి పిల్లల్ని తిట్టకండి. వాళ్లు నేర్చుకుంటున్నది చేతిపని. ఓపికగా ఒక్కొక్క అనుమానాన్నీ తీర్చుకుంటూ పోయే పద్ధతి ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది. టార్చి పట్టుకుని కూర్చున్న ఆడపిల్ల చేతికి కూడా స్క్రూడ్రైవర్ ఇవ్వండి. ఆ కంప్యూటర్ మీద రేపు ఆమె యానిమేషన్ చేస్తుందో, మెషీన్ లెర్నింగ్ చదువుతుందో ఎవరికి తెలుసు?

అన్నీ చూశాక నిజంగానే కార్డు పోయిందని తేలితే బెంగపడాల్సిన పని లేదు. బిల్లు, పెట్టె, కార్డు మీది సీరియల్ నంబరు ఫొటో దాచుకున్నవారికి వారంటీ హక్కుగా వస్తుంది. వారంటీలో ఉన్న కార్డును తీసుకోకుండా షాపు, సర్వీస్ సెంటర్ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. నంబరు 1915.